1912 ఓట్లు మళ్లీ లెక్కపెడితే: ప్రాజెక్టు డైరీ

1వ వారం: ఏ ఎన్నిక, ఏ ప్రశ్న

20వ శతాబ్దం మొదట్లో జరిగిన అమెరికా అధ్యక్ష ఎన్నికలన్నీ "అలా కాకుండా ఇలా జరిగుంటే" అనే ప్రశ్నకి పనికిరావు. 1904లో థియోడర్ రూజ్‌వెల్ట్‌కి 336 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలకి పంచిన ఓట్లు; రాష్ట్రం గెలిచినవాడికి మామూలుగా అక్కడివన్నీ, వీటిలో సగం దాటినవాడే అధ్యక్షుడు), పార్కర్‌కి 140. 1908లో టాఫ్ట్‌కి 321, బ్రయాన్‌కి 162. 1920లో హార్డింగ్‌కి 404, కాక్స్‌కి 127. ఇంత తేడా ఉన్నచోట ఒక్క ఘటన మార్చి ఫలితం తిప్పాలంటే కథ అల్లుకోవాల్సిందే, లెక్క తోడురాదు. మిగిలినవి 1912, 1916. ఈ రెంటికీ ఒక షీటు తయారుచేయడమే ఈ ప్రాజెక్టు.

1912 గురించి అందరూ చెప్పే మాట ఒకటుంది. రిపబ్లికన్ పార్టీ చీలకపోయుంటే (పార్టీ అభ్యర్థి అధ్యక్షుడు టాఫ్ట్, విడిగా దిగినవాడు మాజీ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్) డెమొక్రాట్ వుడ్రో విల్సన్ గెలిచేవాడే కాదు అని. రూజ్‌వెల్ట్‌కి 27.4 శాతం, టాఫ్ట్‌కి 23.2 శాతం, కలిపితే 50.6. విల్సన్‌కి 41.8. ఇక మాట్లాడాల్సిందేముంది అంటారు. కానీ పొత్తులు చూసినవాళ్లెవరికైనా మొదట వచ్చే అనుమానం వేరు: ఓటు బదిలీ అవుతుందా? ఆ ఒక్క ప్రశ్నకి రాష్ట్రాలవారీగా జవాబు రాబట్టాలన్నది మా లక్ష్యం.

2వ వారం: షీటు కట్టడం

48 వరుసలు, రాష్ట్రానికొకటి. న్యూమెక్సికో, అరిజోనా 1912లోనే రాష్ట్రాలయ్యాయి కాబట్టి రెండూ ఉండాలి. అలాస్కా, హవాయి ఉండకూడదు. రాజధాని నగరానికీ వరుస వద్దు, దానికి ఎలక్టోరల్ ఓట్లు వచ్చింది 1961లో 23వ సవరణతో. "వాషింగ్టన్" అని కనిపించిన ప్రతిచోటా అది పసిఫిక్ తీరంలోని రాష్ట్రమే.

మొత్తం 531 ఎలక్టోరల్ ఓట్లు (ప్రతినిధుల సభ 435, సెనేట్ 96), గెలవడానికి 266. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఇప్పటి పటం తెచ్చుకుని 538, 270 పెట్టేస్తారు. లేదంటే 1908 పంపకం వాడతారు, అప్పుడు మొత్తం 483 మాత్రమే. 1910 జనగణన తర్వాతి పంపకమే 1912, 1916 రెంటికీ వర్తిస్తుంది. అందులో న్యూయార్క్‌కి 45, పెన్సిల్వేనియాకి 38, ఇల్లినాయ్‌కి 29, ఒహాయోకి 24, కాలిఫోర్నియాకి 13. వరుసలన్నీ నింపాక కింద మొత్తం 531 రాకపోతే ముందుకు కదలొద్దు.

కాలమ్‌లు: రాష్ట్రం, ఎలక్టోరల్ ఓట్లు, విల్సన్, రూజ్‌వెల్ట్, టాఫ్ట్, డెబ్స్, ఇతరులు. సోషలిస్టు డెబ్స్‌కి దేశవ్యాప్తంగా 9 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి, 6 శాతం. ఓక్లహోమాలో, నెవాడాలో 16 శాతం దాటాయి. ఆ కాలమ్‌ని మేము కదపలేదు. సోషలిస్టు ఓటు రిపబ్లికన్ల ఇంటి గొడవతో కదిలే ఓటు కాదన్నది మా అంచనా.

నమోదులో ఒక నియమం: ఓట్లని పార్టీ పేరుతో కాదు, అభ్యర్థి పేరుతో రాయాలి. కాలిఫోర్నియాలో రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ గవర్నర్ హైరం జాన్సన్ వర్గం చేతిలో ఉంది. ఆయనే రూజ్‌వెల్ట్ పక్కన ఉపాధ్యక్ష అభ్యర్థి. దాంతో అక్కడ బ్యాలెట్ మీద రిపబ్లికన్ వరుసలో ఉన్నది రూజ్‌వెల్ట్ ఎలక్టర్లే (గెలిస్తే ఆయనకి ఎలక్టోరల్ ఓటు వేసేవాళ్లు). టాఫ్ట్ పేరే లేదు, చేత్తో రాసి వేసినవి నాలుగు వేల లోపు. సౌత్ డకోటాలోనూ టాఫ్ట్ లేడు. ఓక్లహోమాలో రూజ్‌వెల్ట్ లేడు. పార్టీ పేరుతో మొత్తం తీస్తే ఈ మూడు రాష్ట్రాలూ తప్పుడు గడిలో పడతాయి. పేరు లేనిచోట సున్నా పెట్టకుండా ఖాళీగా వదిలి, పక్కన "బ్యాలెట్‌లో లేడు" అని రాసుకోవాలి.  సున్నా పెడితే అక్కడ ఆయనకి మద్దతే లేదన్న అబద్ధం లెక్కలోకి చేరుతుంది.

3వ వారం: మొదటి ఫలితం

ముందు అందరూ చేసే కూడికే చేశాం. టాఫ్ట్, రూజ్‌వెల్ట్ ఓట్లు మొత్తం ఒకే డబ్బాలో వేసి విల్సన్‌తో పోల్చాం. రిపబ్లికన్‌కి 379, విల్సన్‌కి 152. విల్సన్ దగ్గర మిగిలినవి పాత కాన్ఫెడరేట్ రాష్ట్రాలు, అంటే అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలు 11 (126 ఓట్లు), వాటితో కెంటకీ 13, ఓక్లహోమా 10, అరిజోనా 3. అసలు ఎన్నికలో విల్సన్ 435 తెచ్చుకున్నా, పోలైన ఓట్లలో సగానికి పైగా వచ్చింది ఆ 11 దక్షిణాది రాష్ట్రాల్లోనే.

379 చూసి సంబరపడితే ప్రాజెక్టు ఇక్కడే ఆగిపోతుంది. ఆ అంకె వెనకున్న ఊహ ఏమిటంటే, టాఫ్ట్‌కి వేసిన ప్రతి ఒక్కరూ రూజ్‌వెల్ట్‌కీ వేస్తారని. 1912 వేసవిలో ఆ ఇద్దరూ ఒకరినొకరు బహిరంగంగా తిట్టుకున్న తీరు చూస్తే నూటికి నూరు బదిలీ అసంభవం.

4వ వారం: నికర బదిలీ

ఈ వారం పనే ప్రాజెక్టుకి వెన్నెముక. రూజ్‌వెల్ట్ రిపబ్లికన్ అభ్యర్థి, టాఫ్ట్ పోటీలో లేడు అనుకుందాం. టాఫ్ట్ ఓటరు ముందు మూడు దారులుంటాయి. రూజ్‌వెల్ట్‌కి వేస్తే తేడా ఒకటి తగ్గుతుంది. విల్సన్‌కి వేస్తే ఒకటి పెరుగుతుంది. ఇంట్లో కూర్చుంటే ఏమీ మారదు. కాబట్టి చూడాల్సింది రూజ్‌వెల్ట్ వైపు వెళ్లిన శాతంలోంచి విల్సన్ వైపు వెళ్లిన శాతం తీసేస్తే మిగిలేది. దీన్ని నికర బదిలీ అన్నాం.

ప్రతి రాష్ట్రంలో గెలవడానికి కావలసిన నికర బదిలీ తేలిగ్గా వస్తుంది: విల్సన్ ఓట్లలోంచి రూజ్‌వెల్ట్ ఓట్లు తీసేసి, వచ్చినదాన్ని టాఫ్ట్ ఓట్లతో భాగించాలి. న్యూయార్క్ చూడండి. విల్సన్ 6,55,573. రూజ్‌వెల్ట్ 3,90,093. తేడా 2,65,480. టాఫ్ట్ ఓట్లు 4,55,487. భాగిస్తే 0.583. అంటే టాఫ్ట్ ఓటర్లలో నికరంగా 58.3 శాతం ఇటు రావాలి.

ఈ కాలమ్ నింపాక షీటుని చిన్న శాతం నుంచి పెద్ద శాతానికి వరుస పెట్టి, పక్క కాలమ్‌లో ఎలక్టోరల్ ఓట్లని కూడుకుంటూ రావాలి. రూజ్‌వెల్ట్ అసలు గెలిచినవి 88 (పెన్సిల్వేనియా, మిషిగన్, మిన్నెసోటా, సౌత్ డకోటా, వాషింగ్టన్, కాలిఫోర్నియాలో 11). మిగతా 2 కాలిఫోర్నియా ఓట్లు, వెర్మాంట్ 4 వెంటనే వచ్చి కలుస్తాయి. ఇల్లినాయ్‌కి 7 శాతం చాలు, మెయిన్‌కి 10, నార్త్ డకోటాకి 17, అయోవా, మసాచుసెట్స్‌లకి 20. న్యూజెర్సీ 37 అడుగుతుంది. న్యూహాంప్‌షైర్ దగ్గరికొచ్చేసరికి (51.4) మొత్తం 218. తర్వాత న్యూయార్క్ వచ్చి 263 చేస్తుంది. ఇంకా మూడు తక్కువ. ఆ వెనకే 59.2 శాతం దగ్గర కనెక్టికట్ 7 ఓట్లతో వచ్చి 270కి చేరుస్తుంది.

అంటే దేశమంతా బదిలీ ఒకేలా ఉంటే రూజ్‌వెల్ట్‌కి కావలసింది నికరంగా 59 శాతం పైన. టాఫ్ట్ ఓటర్లు నూటికి 75 మంది రూజ్‌వెల్ట్‌కి, 15 మంది విల్సన్‌కి వేసి 10 మంది ఇంట్లో ఉండిపోతే గెలుపు. 72, 18, 10 అయితే 218 దగ్గరే ఆగిపోతాడు. నూటికి ముగ్గురు అటూ ఇటూ అయితే అధ్యక్షుడే మారతాడు. కూడిక చూపించిన 379లో ఈ గండం కనపడదు.

కింది వరుసల్లోకి వెళ్తే ఒహాయో 70, విస్కాన్సిన్ 78, ఇండియానా 79 అడుగుతాయి. మేరీల్యాండ్, మిస్సోరీ 99 దాటితేనే. 379లో ఆ రెండూ ఉన్నాయి కాబట్టి ఆ అంకెని ఎక్కడా ఉటంకించవద్దనే మా సలహా.

5వ వారం: టాఫ్ట్ వైపు నుంచి, కాలిఫోర్నియా చిక్కు

ఇప్పుడు తిరగేశాం. టాఫ్ట్ అభ్యర్థి, రూజ్‌వెల్ట్ రెబెల్‌గా దిగలేదు. ఇక్కడ రూజ్‌వెల్ట్ ఓట్లతో భాగించాలి. మిషిగన్ టాఫ్ట్‌కి ఉచితంగా వస్తుంది, మూడు ముక్కల్లో ఆయన విల్సన్ కన్నా ముందే ఉన్నాడు. పెన్సిల్వేనియాకి 27 శాతం చాలు. కూడుకుంటూ పోతే కాన్సాస్ (57.2) దగ్గర 254, న్యూజెర్సీ (61.5) దగ్గర 268. సరే అనుకునేలోపు కాలిఫోర్నియా వరుసలో 98.6 కనిపించింది. 1908లో టాఫ్ట్‌కి సగానికి పైగా ఓట్లిచ్చిన రాష్ట్రం అది.

కారణం ముందే రాసుకున్నదే, టాఫ్ట్ బ్యాలెట్‌లో లేడు. మొదట తోచిన మందు: పక్కనున్న ఒరెగాన్‌లో ఇద్దరి మధ్య నిష్పత్తి సుమారు 52:48 కాబట్టి, కాలిఫోర్నియాలోని రూజ్‌వెల్ట్ ఓట్లని అదే నిష్పత్తిలో విడగొట్టడం. విడగొట్టాం. 98.6 కాస్తా 97 అయింది, అంతే. ఎందుకంటే లోపం ఆ గడిలో లేదు. తమ అభ్యర్థి పేరు కనపడని టాఫ్ట్ మనుషుల్లో చాలామంది కోపంతో విల్సన్‌కి వేశారు. వాళ్ల ఓట్లు విల్సన్ కాలమ్‌లో దాక్కున్నాయి. ఒరెగాన్‌లో విల్సన్‌కి 34 శాతమే, కాలిఫోర్నియాలో 42.

1908 ఓట్లతో సరిచేద్దామంటే ఇంకో గోతిలో పడతాం. 1911 అక్టోబరులో కాలిఫోర్నియా మహిళలకి ఓటు హక్కు వచ్చింది. 1908లో పోలైన ఓట్లు 3.9 లక్షలు, 1912లో 6.8 లక్షలు. పాత ఓట్ల సంఖ్యని కొత్తదాని పక్కన పెట్టకూడదు, పోలిస్తే శాతాలనే పోల్చాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ ఇదే జాగ్రత్త, అక్కడ 1910లో వచ్చింది.

చివరికి కాలిఫోర్నియాని సూత్రం నుంచి తప్పించి చేత్తో నింపే గడి చేశాం. 13 ఓట్లు టాఫ్ట్‌కి వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి. వేస్తే నిర్ణయించేది కాన్సాస్, 57.2. వేయకపోతే న్యూజెర్సీ, 61.5. రెండు అంకెలూ పక్కపక్కనే చూపిస్తున్నాం. ఒక్కటే చూపించడం నిజాయితీ కాదు.

6వ వారం: 1916తో పరీక్ష

నాలుగేళ్ల తర్వాత రిపబ్లికన్లు నిజంగానే ఒక్కటయ్యారు. 1912లో తాను పోటీచేసిన ప్రోగ్రెసివ్ పార్టీ మళ్లీ ఇచ్చిన నామినేషన్‌ని రూజ్‌వెల్ట్ కాదన్నాడు, రిపబ్లికన్ అభ్యర్థి ఛార్లెస్ ఎవాన్స్ హ్యూస్‌కి మద్దతిచ్చాడు. బదిలీ సవ్యంగా జరిగితే 379 రావాలి. వచ్చింది 254. ఓట్ల శాతం 50.6 నుంచి 46.1కి దిగింది. నాలుగేళ్ల పాలన, ఐరోపా యుద్ధం మధ్యలో ఉన్నాయి కాబట్టి ఇది అచ్చమైన పరీక్ష కాదు. కానీ ఏ రాష్ట్రాలు జారాయన్నది చాలా నేర్పింది.

మా వరుసలో కష్టమైన ఇండియానాని (79) హ్యూస్ గెలిచాడు. తేలికైన నార్త్ డకోటా (17), ఐడహో (26), మోంటానా (29), కాన్సాస్ (31) పోగొట్టుకున్నాడు. రూజ్‌వెల్ట్ సొంతంగా గెలిచిన కాలిఫోర్నియా, వాషింగ్టన్ కూడా పోయాయి. పడమటి ప్రోగ్రెసివ్ ఓటు పార్టీ గుర్తు వెంట రాలేదు, మనిషి వెంట వచ్చిన ఓటు అది. దేశమంతటికీ ఒకే బదిలీ శాతం పెట్టడం తప్పని తేలింది.

దాంతో బదిలీ శాతాన్ని పైకీ కిందికీ జరిపే స్లైడర్లు రెండు చేశాం. తూర్పు: న్యూ ఇంగ్లండ్, న్యూయార్క్, న్యూజెర్సీ, డెలవేర్, మేరీల్యాండ్. మిగతా దేశం రెండోది. రూజ్‌వెల్ట్ అభ్యర్థి అయితే తూర్పున వ్యాపారవర్గాల టాఫ్ట్ ఓటు గట్టిగా మొరాయిస్తుందని తూర్పుని 50 దగ్గర పెట్టాం. అంటే న్యూయార్క్, కనెక్టికట్, న్యూహాంప్‌షైర్ విల్సన్‌వే. రెండో స్లైడర్‌ని 70 నుంచి పైకి జరుపుతూ పోయాం. 70 దగ్గర 233. ఇంకొంచెం జరిపితే ఒహాయో, 257. 72 దగ్గర కొలరాడో, 263. 74 దాటగానే నెవాడా 3 ఓట్లు, సరిగ్గా 266. 80 దగ్గర విస్కాన్సిన్, ఇండియానా కూడా చేరి 294.

నెవాడాలో 1912లో పోలైనవి మొత్తం కలిపి 20 వేల పైచిలుకు. ఇల్లినాయ్‌లో ఒక్క విల్సన్‌కే 4 లక్షలు దాటాయి. న్యూయార్క్ లేకుండా రూజ్‌వెల్ట్‌కి దారి ఉంది, కానీ అది నెవాడా గనుల ఊళ్ల మీదుగా పోతుంది.

7వ వారం: మలుపు ఎక్కడ పెట్టాలి

లెక్క సిద్ధమయ్యాక చరిత్రలో ఏ చోట చేయి పెట్టాలో తేల్చాలి. 1912 జూన్ 18 నుంచి 22 దాకా షికాగోలో అభ్యర్థిని ఎంచే రిపబ్లికన్ సదస్సు. 1,078 మంది డెలిగేట్లు, 540 కావాలి. 254 సీట్ల మీద వివాదం నడిస్తే పార్టీ కమిటీ 235 టాఫ్ట్‌కి, 19 రూజ్‌వెల్ట్‌కి ఇచ్చింది. చివరి ఓటింగ్‌లో టాఫ్ట్‌కి 561. 344 మంది హాజరై కూడా ఓటెయ్యలేదు.

"కమిటీ న్యాయంగా తీర్పిచ్చుంటే" అన్నది మలుపుగా పనికిరాదు. అలా అంటే ఒకేసారి రెండొందల సీట్లని మార్చినట్టు. చిన్న మలుపు ఒకటుంది. మొదటిరోజు సదస్సు తాత్కాలిక అధ్యక్ష పదవికి టాఫ్ట్ వర్గం మనిషి ఎలిహూ రూట్ 558 ఓట్లతో గెలిచాడు, రూజ్‌వెల్ట్ వర్గం నిలబెట్టిన విస్కాన్సిన్ గవర్నర్ మెక్‌గవర్న్ ఓడిపోయాడు. 29 మంది గోడ దూకితే ఫలితం మారేది. మెక్‌గవర్న్ సొంత రాష్ట్ర నాయకుడు లా ఫాలెట్ రూజ్‌వెల్ట్‌తో ఏ అవగాహనకీ ఒప్పుకోలేదు. ఆయన ఒక్క అడుగు తగ్గుంటే అన్నది అక్కడ నిజంగా మనుషుల చేతుల్లో ఉన్న నిర్ణయం. సదస్సు కుర్చీలో ఎవరున్నారన్నదాన్ని బట్టే వివాద సీట్ల మీద ఓటింగ్ ఎలా నడవాలో తేలుతుంది. మా మలుపు అదే.

మలుపు తర్వాత ఏం ఉంచాలి, ఏం తీసేయాలి అన్నదానికి ఒక నియమం పెట్టుకున్నాం. అప్పటికే దారిలో ఉన్నవి ఉంచాలి, కాకతాళీయంగా జరిగినవి తీసేయాలి. అక్టోబరు 14న మిల్వాకీలో రూజ్‌వెల్ట్ మీద కాల్పులు జరిగాయి, జేబులోని ప్రసంగం కాగితాల కట్ట, కళ్లజోడు పెట్టె తూటా వేగాన్ని తగ్గించాయి. జూన్‌లో చరిత్ర మారితే అదే రోజు అదే ఊళ్లో ఆయన ఉంటాడనుకోవడం కుదరదు, కాబట్టి తీసేశాం. టాఫ్ట్ ఉపాధ్యక్షుడు షెర్మన్ అక్టోబరు 30న జబ్బుతో చనిపోయాడు. అది ఎప్పటినుంచో ఉన్న జబ్బు, టాఫ్ట్ వెర్షన్‌లో అలాగే ఉంటుంది.

ఇక బాల్టిమోర్. డెమొక్రాట్ల సదస్సు జూన్ 25న మొదలైంది, అంటే షికాగో ఫలితం తెలిసిన మూడు రోజులకి. విల్సన్‌కి పోటీగా ఉన్న ఛాంప్ క్లార్క్ పదో రౌండులో సగం దాటాడు, కానీ మూడింట రెండొంతులు కావాలన్న నియమం అడ్డుపడింది. 46వ రౌండులో విల్సన్ నెగ్గాడు. ఎదురుగా రూజ్‌వెల్ట్ ఉన్నాడంటే సంస్కరణవాది ఓటుకి పోటీపడగల మనిషి కావాలని విల్సన్ వైపు ఇంకా త్వరగా మొగ్గేవారని మా వాదన. క్లార్క్‌ని పెట్టాలనుకునేవాళ్లు ఈ షీటు వాడొద్దు, విల్సన్ కాలమ్‌లో ఉన్నవి క్లార్క్ ఓట్లు కావు.

8వ వారం: 1916 షీటు

ఇది చిన్న షీటు, కానీ పదును ఎక్కువ. విల్సన్ 277, హ్యూస్ 254. కాలిఫోర్నియాలో దాదాపు 10 లక్షల ఓట్లు పోలైతే విల్సన్ మెజారిటీ 3,800 దగ్గర. రెండు వేల లోపు మంది మనసు మార్చుకుంటే 13 ఓట్లు అటు వెళ్లి హ్యూస్ 267, విల్సన్ 264. ఆగస్టులో లాంగ్ బీచ్‌లో ఒకే హోటల్లో ఉండి కూడా హ్యూస్, హైరం జాన్సన్ కలవలేదు. అదే నవంబరులో సెనేట్‌కి పోటీచేసిన జాన్సన్ దాదాపు 3 లక్షల మెజారిటీతో గెలిచాడు. ఇంతకన్నా చిన్న మలుపు దొరకడం కష్టం.

కానీ 13 ఓట్లూ గంపగుత్తగా కదపడం దగ్గర షీటు తప్పు చెప్పింది. అప్పట్లో ఓటరు ఎలక్టర్ల పేర్లకి విడివిడిగా ఓటేసేవాడు. పోటీ బిగుసుకుంటే ఒకే రాష్ట్రంలో ఎలక్టర్లు చీలిపోయేవారు. 1912లో కాలిఫోర్నియాలో రూజ్‌వెల్ట్ 174 ఓట్లతో నెగ్గితే 11 మంది ఆయనవాళ్లు, ఇద్దరు విల్సన్‌వాళ్లు గెలిచారు. 1916లోనే వెస్ట్ వర్జీనియాలో హ్యూస్‌కి 7, విల్సన్‌కి 1. మన ఊహలో కాలిఫోర్నియా అలాగే 11, 2గా చీలితే హ్యూస్ 265, విల్సన్ 266. రాష్ట్రం హ్యూస్‌ది, శ్వేతసౌధం విల్సన్‌ది. 12, 1 అయితే హ్యూస్‌కి సరిగ్గా 266. అందుకే మెజారిటీ కొన్ని వందల్లో ఉన్న ప్రతి రాష్ట్రానికీ ఎలక్టర్ల చీలిక గడి పెట్టాం. న్యూహాంప్‌షైర్ (విల్సన్‌కి 56 ఓట్ల మెజారిటీ, 4 ఎలక్టర్లు), మిన్నెసోటా (హ్యూస్‌కి 392, 12 ఎలక్టర్లు) మొదటివి.

హ్యూస్ గెలిచాడనుకున్నా తేదీల గొడవ ఉంది. ప్రమాణ స్వీకారం అప్పట్లో మార్చిలో. నవంబరు 7కీ దానికీ మధ్య నాలుగు నెలలు ఓడిపోయిన అధ్యక్షుడే కుర్చీలో ఉండాలి. ఎన్నికకి రెండు రోజుల ముందు, నవంబరు 5న, విల్సన్ విదేశాంగ మంత్రి లాన్సింగ్‌కి రహస్యంగా ఉత్తరం రాశాడు. ఓడితే హ్యూస్‌ని విదేశాంగ మంత్రిగా నియమించి, తానూ ఉపాధ్యక్షుడు మార్షల్ రాజీనామా చేస్తే, ఆ ఇద్దరూ లేనప్పుడు బాధ్యత విదేశాంగ మంత్రికి ఇచ్చే 1886 చట్టం ప్రకారం హ్యూస్ వెంటనే అధ్యక్షుడవుతాడన్నది ఆలోచన. ఇది మన కల్పన కాదు, ఉన్న పత్రం. దీన్ని వదిలేసి రాసే 1916 కథలు సగం కథలే.

అందుకని 1916 షీటుకి తేదీల కాలమ్ చేర్చి రెండు ఫైళ్లుగా విడగొట్టాం. డిసెంబరు 4న కాంగ్రెస్ సమావేశాలు మొదలు. అప్పుడు సెనేట్ ఆమోదంతో హ్యూస్ మంత్రి అయితే, 1917 ఫిబ్రవరి 1న జర్మనీ జలాంతర్గాముల యుద్ధాన్ని అపరిమితం చేసేనాటికి నిర్ణయం హ్యూస్‌ది. మార్షల్ రాజీనామాకి ఒప్పుకోకపోతే ఆ ఫిబ్రవరి 1నా, మార్చి 1న పత్రికల్లో జిమ్మెర్‌మన్ టెలిగ్రామ్ (అమెరికాకి వ్యతిరేకంగా కలిసిరమ్మని జర్మనీ మెక్సికోకి పంపిన రహస్య సందేశం) వచ్చినరోజునా, కుర్చీలో ఉన్నది ఓడిన విల్సన్. ఈ రెండో ఫైల్లో ఫిబ్రవరి వరుసలు నింపడం వచ్చే వారం పని.